నడవగలిగినదానివి వండలేవా?

అలసట అంటే ఏమిటో మన ఆడవాళ్లకి ఒకరు చెప్పాలా చెప్పండి? పొద్దున్న పాల ప్యాకెట్ కత్తిరించిన దగ్గర్నుంచి రాత్రి గ్యాసు కట్టేసి, తలుపు గడియ వేసేదాకా తిరుగుతూనే ఉంటాం. అయితే అది పడుకుంటే పోయే అలసట. నేను మీతో చెప్పబోయేది అది కాదు. ఎనిమిది గంటలు నిద్రపోయి లేచినా, రాత్రంతా ఎవరో మన చేత పిండి రుబ్బించినట్టుండే అలసట. తల దువ్వుకోవడానికి చెయ్యి పైకెత్తితే, సగం జడ అల్లేసరికి మిగతా సగానికి మంచం మీద కూలబడవలసి వచ్చే అలసట. లూపస్ అనే జబ్బున్నవాళ్లలో నూటికి ఎనభై తొంభై మందికి ఇది ఉంటుందట. ఆ ఎనభై తొంభై మందిలో నేనూ ఒకదాన్ని.

లూపస్ అనే మాట మీలో కొందరు వినే ఉంటారు. లాటిన్ భాషలో తోడేలు అని అర్థం. మన ఒంట్లో రోగాలతో పోరాడే రక్షణ వ్యవస్థ ఒకటుంటుంది కదా, అదే తన మన తేడా మరచిపోయి మన కీళ్ల మీద, చర్మం మీద, ఒక్కోసారి మూత్రపిండాల మీద, గుండె మీద కూడా విరుచుకుపడుతుంది. ఇంటర్లో బైపీసీ చదివాను గనక ఆ పుస్తకాల మాటలేవో నాకు కొంచెం అర్థమయ్యాయి గానీ, మా అత్తయ్యకి మాత్రం ‘కంచే చేను మేస్తోంది అత్తయ్యా’ అని చెప్తే ఒక్క క్షణంలో తెలిసిపోయింది. ఈ జబ్బున్న ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఆడవాళ్లేట! అదీ పిల్లల్ని కని పెంచే వయసులో, పదిహేను నలభై అయిదేళ్ల మధ్యలో ఎక్కువగా బయటపడుతుంది. అందుకే మన పేజీలో చెప్పుకోవలసిన సంగతి ఇది.

2022 అక్టోబరులో సినిమా నటి సమంత తనకి మయోసైటిస్ వచ్చిందని చెప్పాక, మా అపార్ట్‌మెంట్‌లో నన్నడగనివాళ్లు లేరు, ‘మీదీ అదేనా?’ అని. అది వేరు, ఇది వేరు. అది ముఖ్యంగా కండరాల మీద పడుతుంది. రెండూ ఒక వంశానికి చెందిన జబ్బులు అనుకోండి, అంతే. అయినా ఆ అమ్మాయి పుణ్యమా అని, ‘చూడ్డానికి బాగానే ఉన్నావుగా’ అనేవాళ్లు కాస్త తగ్గారు.

నాకీ జబ్బు పేరు తెలిసింది 2017లో. అంతకు ముందు రెండేళ్లూ నీరసానికి బి కాంప్లెక్స్, కీళ్ల నొప్పులకి నొప్పి మాత్రలు, బుగ్గల మీద ఎర్రమచ్చకి ఎవరో చెప్పిన క్రీము... ఇలా గడిచిపోయింది. చివరికి కీళ్లవాత నిపుణురాలైన ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, రక్తపరీక్షలు చేయించి పేరు చెప్పింది. (పంజాగుట్ట నిమ్స్‌లోనూ దీనికి ప్రత్యేకంగా రుమటాలజీ విభాగం ఉంది. మీకు తెలిసినవాళ్లెవరికైనా ఎండలోకి వెళ్తే మొహం మీద సీతాకోకచిలుక రెక్కల్లాంటి ఎర్రటి దద్దు వచ్చి, దానికి తోడు కీళ్ల నొప్పులు, తగ్గని జ్వరం ఉంటే ఆ విభాగం డాక్టర్లకి చూపించమనండి.) హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర, కొన్నాళ్లు స్టెరాయిడ్లు పడ్డాక నొప్పులు తగ్గాయి, జ్వరం తగ్గింది. అలసట మాత్రం అద్దె కట్టని కిరాయిదారులాగా కదల్లేదు.

ఇంట్లో అందరూ చెప్పిన మందు ఒక్కటే, ‘పడుకో’. పాపం ప్రేమతోనే చెప్పారు. పడుకున్నాను కూడా. మధ్యాహ్నం రెండు గంటలు, సాయంత్రం గంట. నెలలు గడిచినకొద్దీ, అంతకు ముందు రెండు అంతస్తులు ఎక్కగలిగినదాన్ని ఒక అంతస్తుకే ఆయాసపడ్డం మొదలుపెట్టాను. డాక్టరమ్మతో ఇదే చెప్పాను. ఆవిడ ముందుగా రక్తం శాతం, థైరాయిడ్, డి విటమిన్ చూసింది. నిద్ర ఎలా పడుతోందని, మనసులో దిగులేమైనా ఉందా అని అడిగింది. రక్తహీనత ఉన్నా అలసటే, థైరాయిడ్ తక్కువైనా అలసటే. ఎండకి దూరంగా ఉండేవాళ్లకి డి విటమిన్ తగ్గడమూ మామూలే. అవన్నీ సరిచేశాక అప్పుడు చెప్పింది, ‘ఇక మీరు నడవాలి’ అని!

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిలబడ్డానికి ఓపిక లేదు మొర్రో అంటే నడవమంటుందేమిటి?

ఆవిడ చెప్పిన లెక్క నాకు బాగా నచ్చింది, మీకూ చెప్తాను. మాటవరసకి మీ ఒంట్లో వంద వంతుల శక్తి ఉందనుకోండి. స్నానం చేసి బట్టలు కట్టుకోవడానికి ఇరవై వంతులు పడుతుంది. అంటే అయిదో వంతు. ఇంకా ఎనభై మిగిలి ఉంటాయి, రోజు గడిచిపోతుంది. జబ్బు వల్ల కొంతా, నెలల తరబడి పడుకోవడం వల్ల కొంతా కండలు కరిగి, గుండె, ఊపిరితిత్తులు బద్ధకం నేర్చి, ఆ వంద కాస్తా నలభై అయిందనుకోండి. స్నానానికి మాత్రం అదే ఇరవై. అంటే ఉన్నదాంట్లో సగం స్నానాల గదిలోనే ఖర్చు! స్టెరాయిడ్లు వాడేవాళ్లకి కండలు మరీ త్వరగా బలహీనపడతాయి. పడుకుంటే ఈ నలభై పెరగదు, ముప్ఫై అవుతుంది. దాన్ని మెల్లమెల్లగా పైకి లాగాలంటే కదలడం తప్ప దారి లేదు.

ఇది ఆవిడ సొంతంగా కల్పించి చెప్పింది కాదు. లండన్‌లో తొంభై మందికి పైగా లూపస్ రోగుల్ని మూడు జట్లుగా చేసి పన్నెండు వారాలు చూశారు. ఆ ఫలితాలు 2003లో వచ్చాయి. ఒక జట్టుకి ఇంటి దగ్గరే కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయే వ్యాయామం, ఇంకో జట్టుకి ఒళ్లు వదులు చేసుకుని సేదదీరే పద్ధతులు, మూడో జట్టుకి ఏమీ లేదు. వ్యాయామం చేసినవాళ్లలో దాదాపు సగంమంది ‘చాలా మెరుగ్గా ఉన్నాం’ అన్నారు. ఏమీ చేయనివాళ్లలో అలా అన్నది ఆరుగురిలో ఒకరు. అన్నిటికన్నా ముఖ్యం, వ్యాయామం వల్ల జబ్బు ఎక్కువ కాలేదు. అందరికీ ఉన్న భయం అదే కదా! జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లని అందులో చేర్చుకోలేదన్నదీ గుర్తుంచుకోవాలి. 2023లో యూరప్ రుమటాలజీ వైద్యుల సంఘం యూలార్ కూడా, లూపస్ ఉన్నవాళ్లకి అలసట తగ్గడానికి నడకలాంటి వ్యాయామాన్ని సిఫార్సు చేసింది. సగంమందికి మెరుగైందంటే మిగతా సగానికి అంతగా కాలేదనేగా అని మావారు లెక్కల మనిషి గనక వెంటనే అన్నారు. నిజమే. కానీ ఈ అలసటకంటూ వేరే మాత్ర ఏదైనా ఉంటేగా!

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు కథ ఇంట్లో మొదలైంది.

మాది ఉమ్మడి కుటుంబం. కొండాపూర్‌లో మూడు గదుల ఫ్లాటులో అత్తయ్య, మావారు, నేను, ఇద్దరు పిల్లలం. నేను నడవడం మొదలుపెట్టిన రెండో వారంలో మా పెద్ద ఆడపడుచు వచ్చారు. తెల్లవారుజామున నేను వరండాలో అటూ ఇటూ నడిచి వచ్చి, సోఫాలో పది నిమిషాలు కూర్చున్నాను. ఆ పొద్దున్న ఉప్మా అత్తయ్య చేస్తున్నారు. వదిన అటు చూసి, ఇటు చూసి, ‘ఏమమ్మా, నడవగలిగినదానివి వండలేవా?’ అన్నారు.

వినడానికి అది న్యాయమైన ప్రశ్నలాగే ఉంటుంది. అందుకే అది గుచ్చుకుంటుంది. లూపస్ ఉన్న ప్రతి ఇల్లాలూ ఎవరో ఒకరి నోటినుంచి ఈ మాట వినే ఉంటుందని నా నమ్మకం. ఉన్న శక్తి దోసెడు. దాన్ని ముందు ఇంటికి పెట్టాలి, మిగిలితే మనకి వాడుకోవాలి, ఇది మనం పుట్టినప్పటినుంచి చూస్తున్న పద్ధతి. మిగలదని మనందరికీ తెలుసు.

‘ఇంటిపని వ్యాయామం కాదా?’ అని నేనే డాక్టరమ్మని అడిగాను. ఆవిడ కాదనలేదు, ఒళ్లు కదలడం మంచిదేనంది. కానీ ఇది సరిపోదంది. ఎందుకంటే వంటింట్లో మనం ఒకేచోట నిలబడతాం, వంగుతాం, బరువెత్తుతాం, మళ్లీ నిలబడతాం. గుండె ఒక తీరుగా, ఒక వేగంతో పదిహేను నిమిషాలు పనిచేసే అవకాశం ఉండదు. ఇంకో తేడా నాకు నేనే కనిపెట్టాను. నడక మధ్యలో అలసిపోతే ఆగిపోవచ్చు. పొయ్యి మీద పోపు మాడుతుంటే, పిల్లల బస్సు హారన్ కొడుతుంటే ఆగిపోవడం కుదురుతుందా? నడక మన చేతిలో ఉంటుంది, పని మన చేతిలో ఉండదు.

వదినకి నేనేమీ జవాబు చెప్పలేదు. తర్వాతి నెల డాక్టరమ్మ దగ్గర ఈ ముచ్చట చెప్తే ఆవిడ ఒక తమాషా పని చేసింది. చీటీ మీద మాత్రలన్నీ రాసి, వాటి కింద వరస నంబరు వేసి ‘నడక, రోజుకి ఒకసారి, పొద్దున్న, 9 నిమిషాలు’ అని రాసి సంతకం పెట్టింది. ఆ చీటీ తెచ్చి ఫ్రిజ్ మీద అంటించాను. మా అత్తయ్యకి డాక్టరు రాసిన మందంటే వేదం. మాత్ర ఒక్క పూట తప్పినా ఊరుకోరు. ఆ మర్నాటినుంచి ‘మాత్ర వేసుకున్నావా, నడక వేసుకున్నావా?’ అని రెండూ కలిపి అడగడం మొదలైంది! ఈసారి వదిన వచ్చినప్పుడు ఆ చీటీ చదివి వినిపించింది కూడా అత్తయ్యే. మీ ఇంట్లోనూ ఇలాంటి బాధ ఉంటే, సిగ్గుపడకుండా మీ డాక్టరుని అడగండి, నడకని కూడా చీటీ మీద రాయమని.

పనులు కూడా కొంచెం సర్దుకున్నాం. కూరగాయలు ముందు రోజు రాత్రే టీవీ చూస్తూ అత్తయ్య, నేనూ కూర్చుని తరిగిపెట్టేస్తాం. పొయ్యి గట్టు దగ్గర ఎత్తు స్టూలు ఒకటి వేసుకున్నాను, చపాతీలు, దోసెలు దాని మీద కూర్చునే. పొద్దున్న కాఫీ, కుక్కర్ మావారు. ఆయన పెట్టే కుక్కర్‌లో అన్నం ఒకరోజు ముద్ద, ఒకరోజు పలుకు. ఏడేళ్లయినా నీళ్ల కొలత కుదరలేదు, పోనీలెండి. బట్టలు ఆరేయడం అబ్బాయి. వారానికి రెండు రోజులు సాయంత్రం కూర బయటి కర్రీ పాయింట్ నుంచి. కొండాపూర్‌లో సందుకొకటి ఉన్నాయిగా! ఇవేమీ పెద్ద త్యాగాలు కావు. కానీ ఇవి లేకపోతే ఆ తొమ్మిది నిమిషాలు నాకు దొరికేవి కావు.

ఇక నడక సంగతి. మొదటి వారం నేను నడిచింది రోజుకి అయిదు నిమిషాలు. మా అంతస్తు వరండా ఈ చివరనుంచి ఆ చివరికి నలభై అడుగులు. పక్క ఫ్లాటు సాఫ్ట్‌వేర్ కుర్రాడు తాళం వేసుకుంటూ ‘ఏమైనా పోయిందా ఆంటీ?’ అని అడిగాడు, వెతుక్కుంటున్నాననుకుని. వారానికి ఒక్క నిమిషం చొప్పున పెంచాను. మూడు నెలలకి పదిహేడు నిమిషాలు. వేగం ఎంతుండాలంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడాలంటే మాత్రం ఊపిరి చాలకూడదు. ఎక్కువైందో లేదో ఆ రోజు తెలియదు, మర్నాడు తెలుస్తుంది. మర్నాటి పొద్దున్న మామూలుకన్నా ఎక్కువ నీరసంగా ఉంటే రెండు నిమిషాలు తగ్గించాలి. పాలవాడి లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే ఆ అంకె వేసుకుంటాను.

బాగున్న రోజుతోనే చాలా జాగ్రత్తగా ఉండాలండీ! ఈ జబ్బులో అప్పుడప్పుడు ఒక బంగారంలాంటి రోజు వస్తుంది. ఒళ్లు తేలిగ్గా, చేతులు ఖాళీగా ఉండనివ్వనట్టుగా. డాక్టరు దగ్గర వరసలో కూర్చున్నప్పుడు పరిచయమైన ఒకావిడ అలాంటి రోజున గంట నడిచి, వచ్చి దుప్పట్లన్నీ ఉతికి, బూజులు దులిపి, నాలుగు రోజులు మంచం దిగలేదట. బాగున్న రోజూ పదిహేడే, బాగాలేని రోజు పదిహేడులో సగం. ఈ ఒక్క నియమం పాటించడమే నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది.

నడక కుదురుకున్నాక వారానికి రెండుమూడు రోజులు కండల కోసం కొంచెం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, ఎనిమిదిసార్లు. గోడకి అరచేతులు ఆనించి ముందుకీ వెనక్కీ. అర లీటరు నీళ్ల సీసాలు రెండు పట్టుకుని పైకెత్తడం. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి కదా, గోరువెచ్చటి నీళ్లలో కాసేపు పెట్టుకుంటే సీసా పట్టు దొరుకుతుంది. వాచిన కీలుకి మాత్రం ఆ రోజు సెలవు.

మా అపార్ట్‌మెంట్ కింద ఒక జిమ్ ఉంది. దాని శిక్షకుడు మంచివాడే గానీ, నొప్పి పుట్టకపోతే లాభం లేదన్నది అతని సిద్ధాంతం. నాకు ఆ సిద్ధాంతం పనికిరాదని చెప్పి నమస్కారం పెట్టి వచ్చాను. మీరు ఎక్కడికి వెళ్లినా జబ్బు పేరు ముందు చెప్పండి.

లూపస్ వాళ్లకి ఉన్న ఇంకో చిక్కు ఎండ. సూర్యరశ్మిలోని అతినీల లోహిత కిరణాలు తగిలితే చర్మం మీద దద్దులే కాదు, లోపలి జబ్బు కూడా రేగుతుంది. అందుకే ‘పొద్దున్నే లేత ఎండలో నడవండి, మంచిది’ అని అందరికీ చెప్పే సలహా మాకు పనికిరాదు. సూర్య నమస్కారాలు కూడా మేము ఇంట్లోంచే పెట్టుకోవాలి! ఇప్పుడు కొండాపూర్‌లో నీడ ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తోంది. మేము 2009లో వచ్చినప్పుడు మా వీధిలో వేపచెట్లుండేవి. ఇప్పుడు అద్దాల బిల్డింగులు, వాటిమీద పడి కళ్లలోకి కొట్టే వెలుతురు. అదృష్టంకొద్దీ కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్ మిగిలింది. 270 ఎకరాల పైచిలుకు. కొత్తగూడ ఫ్లైఓవర్ 2023 జనవరి 1న తెరిచాక కింద రోడ్డు దాటడమూ కొంచెం తేలికైంది. ఆదివారాలు మావారు బండి మీద దింపుతారు. లోపల చెట్ల కింద నడుస్తుంటే ఐటీ కారిడార్‌లో ఉన్నామన్న సంగతే గుర్తు రాదు. నిండు చేతుల జాకెట్టు, మొహానికీ మెడకీ సన్‌స్క్రీన్, సంచిలో గొడుగు. వేసవిలో అయితే పావు తక్కువ ఆరుకే తెల్లవారిపోతుంది గనక అయిదుంపావుకే బయల్దేరాలి. మిగతా రోజులు వరండాయే.

2020 లాక్‌డౌన్‌లో ఈ వరండా నడకే నన్ను కాపాడింది. ఆ మార్చిలో కరోనాకి హైడ్రాక్సీక్లోరోక్విన్ పనిచేస్తుందని ప్రచారం జరిగి, మా మాత్రలు మందుల షాపుల్లో మాయమైపోయాయి. ఉన్నవాటిని లెక్కపెట్టుకుంటూ, నలభై అడుగులు లెక్కపెట్టుకుంటూ గడిపాను. కరోనాని అది ఆపలేదని తర్వాత తేలిందనుకోండి.

నడవకూడని రోజులూ ఉంటాయి. జ్వరం ఉన్నప్పుడు, జబ్బు తిరగబెట్టినప్పుడు వద్దు. ఛాతీలో నొప్పి, కూర్చున్నా తగ్గని ఆయాసం, కాళ్ల వాపు, నురగలాంటి మూత్రం కనిపిస్తే నడక సంగతి తర్వాత, ముందు డాక్టరు. స్టెరాయిడ్లు వాడినవాళ్లకి నడిచేటప్పుడు గజ్జల్లో నొప్పి వస్తుంటే అది తుంటి ఎముకకి రక్తం సరిగ్గా అందకపోవడం వల్ల కావచ్చు, మామూలు నొప్పేలే అని ఊరుకోకండి. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాల మీద జబ్బు ప్రభావం ఉన్నవాళ్లు డాక్టరుని అడక్కుండా ఏదీ మొదలుపెట్టవద్దు. నడుస్తున్నాం కదా అని మాత్రలు మానేయడం అసలే వద్దు. ఆ మాత్రకి ఏడాదికోసారి కంటి పరీక్ష కూడా మరిచిపోకండి.

నా అలసట పోయిందా అంటే, పోలేదు. ఇప్పటికీ మధ్యాహ్నం అరగంట నడుం వాలుస్తాను. కానీ ఇప్పుడు జడ మొత్తం నిలబడే వేసుకుంటున్నాను. మొన్న మా అమ్మాయి కాలేజీ మూడో అంతస్తు ఎక్కాను, మధ్యలో ఒక్కసారే ఆగి. వానాకాలంలో జబ్బు ఒకసారి తిరగబెట్టి ఇరవై అయిదు నిమిషాలనుంచి మళ్లీ అయిదుకి వచ్చాను. ఈ వారం క్యాలెండర్ మీద పదకొండు ఉంది. వచ్చే వారం పన్నెండు.

అన్నట్టు, వదిన మోకాళ్ల నొప్పులతో పోయిన వారం మళ్లీ వచ్చారు. తెల్లవారుజామున నేను చెప్పులు వేసుకుంటుంటే ‘ఎన్ని నిమిషాలు?’ అని అడిగి నా వెనకే వరండాలోకి వచ్చారు. ఇద్దరం వచ్చేసరికి మావారి కుక్కర్ నాలుగో కూత కూస్తోంది. ఈ రోజు అన్నం ముద్దే!